మాస్కో టైము పదకొండు గంటలు

మేమింకా దహ్రాన్ రోడ్డు మీద ఉండగానే విమానం లేచిపోయింది. ముందు చప్పుడు వినపడింది. తర్వాత ఎడమచేతి వైపు కంచె అవతలి నుంచి దాని బరువైన పొట్ట, కిందికి వాలిన రెక్కలు, నాలుగు ఇంజన్ల వెనక నాలుగు నల్లటి పొగ చారలు పైకి వచ్చాయి. కారు నడుపుతున్న మా బాబాయ్ బ్రేకు వేయలేదు, వేగమూ తగ్గించలేదు. ఇంకా అందుకోగలమన్నట్టే పోనిచ్చాడు. ముందు సీట్లో కూర్చున్న గెన్నాదీ గారు అద్దం దించి, తల బయటపెట్టి, విమానం సముద్రం వైపు తిరిగి దుమ్ము రంగు ఆకాశంలో కలిసిపోయేదాకా చూశారు. ఆయన ఒళ్లో చిన్న తోలుసంచి ఉంది. ఆయన ఎక్కాల్సిన విమానం అది. ఆయన కంపెనీకి మిగిలిన ఆఖరి విమానం కూడా అదే. మా లెక్క ప్రకారం అది పదకొండింటికి బయలుదేరాలి. కారులో గడియారం పది దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

కార్గో గేటు దగ్గర, బాబాయ్‌తో కలిసి పనిచేసే పాకిస్తానీ ఆయన నజీర్ భాయ్ మమ్మల్ని చూసి బయటికి వచ్చాడు. "దస్ బజే కా థా, ప్రకాశ్ భాయ్. కప్తాన్ సాబ్ ఆఖిరీ మినట్ తక్ సీఢీ పే ఖడే థే" అన్నాడు. పదింటి విమానమే అది. తలుపు వేసేదాకా కెప్టెన్ నిచ్చెన మీద నిలబడి మా కోసం గేటు వైపు చూస్తూనే ఉన్నాడట. గెన్నాదీ గారు కారు దిగలేదు. కాసేపటికి, "ఇవాళ మార్చిలో ఆఖరి ఆదివారం" అన్నారు ఇంగ్లీషులో, తనతో తనే అన్నట్టు. అప్పుడు బాబాయ్ వెనక సీట్లో ఉన్న నావైపు తిరిగాడు.

"ఏరా చంటీ, టైము మార్చే రాశావా?"

"మార్చే రాశాను బాబాయ్."

నేను మార్చలేదు.

ఆ మాట అన్నప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. తర్వాత ఇదే తీరంలో ఒక ఇంగ్లీషు దినపత్రిక డెస్కు మీద నా జీవితంలో ఎక్కువ భాగం గడిచిపోయింది. ఇంకొకరు రాసిన వార్తలో పేర్లు, వేళలు, అంకెలు సరిచూడడమే నా ఉద్యోగం. కొత్తగా చేరిన పిల్లలకు నేను ముందుగా చెప్పే మాట ఒకటుంది. ఎవరు చెప్పారో రాసుకోండి, ఎవరి గడియారం ప్రకారం చెప్పారో కూడా రాసుకోండి అంటాను. అంత చాదస్తం ఎందుకని వాళ్లు నా వెనక నవ్వుకునేవాళ్లని నాకు తెలుసు. ఎందుకో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా పిన్ని సుగుణ ఈ అరబ్బు దేశంలో, దహ్రాన్‌కు దగ్గర్లోని ఖతీఫ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. నర్సాపురం నుంచి పెళ్లికి ముందే వచ్చింది. పెళ్లయ్యాక ఆవిడ వెనక బాబాయ్ వచ్చి, దహ్రాన్ విమానాశ్రయంలో సరుకు ఎక్కించే కంపెనీలో చేరాడు. వాళ్లకు పిల్లల్లేరు. నేను డిగ్రీ అయిపోయి ఊళ్లో ఊరికే తిరుగుతున్నానని, నవంబరులో నన్ను పిలిపించుకున్నారు. మేడమీద రెండు గదులు, వెనక ఒక వసారా. వసారాలో నిలబడితే ఖర్జూరపు తోటలు, తోటల్ని తినుకుంటూ వస్తున్న కొత్త ఇళ్లు, వాటికి అవతల సన్నటి గీతలా సముద్రం కనపడేవి. పొద్దున్నే తలుపు తీస్తే తడిమట్టి వాసన, దాని వెంటే చేపల మార్కెట్ వాసన వచ్చేవి. పిన్ని రాత్రి డ్యూటీ దిగి వస్తూ దారిలో వంజరం ముక్కలు కొనుక్కొచ్చేది. యూనిఫారం మీద డెట్టాల్ వాసన, చేతిసంచిలో చేప వాసన, రెండూ కలిసి గుమ్మంలోకి వస్తే పిన్ని వచ్చినట్టు. స్నానం చేసి, పులుసు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా కుర్చీలోనే నిద్రపోయేది. శుక్రవారం పొద్దున మాత్రం డ్యూటీ ఉన్నా లేకపోయినా మేలుకుని ఉండి, చర్చి లేని ఊరు కాబట్టి ఇంట్లోనే తలుపులేసి, గొంతు తగ్గించి ప్రార్థన చేయించేది.

బాబాయ్‌ది లోడ్ షీట్ పని. ఏ పెట్టె విమానంలో ఎక్కడ పెట్టాలి, ముందు ఎంత బరువు, వెనక ఎంత బరువు, ఎంత ఇంధనం పోస్తే ఎంత సరుకు దించాలి, ఇవన్నీ లెక్కగట్టి కాగితం మీద చూపించి కెప్టెన్‌తో సంతకం పెట్టించుకోవాలి. ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. ఊరికి వెళ్లేవాళ్ల పెట్టెను ఒంటిచేత్తో ఎత్తి, "ఇరవై రెండున్నర" అనేవాడు. ఎయిర్‌పోర్టులో తూస్తే ఇరవై రెండున్నరే ఉండేది. ఫ్రిజ్‌లో బరువైన గిన్నెలన్నీ వెనక్కి ఉండాలనేవాడు. "అదేమైనా ఎగురుతుందాండీ?" అని పిన్ని వేళాకోళం చేసేది. "తలుపు తీసినప్పుడు ముందుకు తూలకుండా ఉంటదే" అని ఆయన నిజంగానే జవాబిచ్చేవాడు.

ఆయన పెట్టిన నియమాల్లో ఒకటి ఫోను పక్కన ఉండే కాగితాల బొత్తికి సంబంధించింది. మా ఇంటికి ఫోన్లు నాలుగు రకాల గడియారాల నుంచి వచ్చేవి. నర్సాపురం వాళ్లు వాళ్ల టైము చెబుతారు, విమానాల వాళ్లు గ్రీన్‌విచ్ టైము చెబుతారు, రష్యావాళ్లు మాస్కో టైము చెబుతారు, ఆసుపత్రి వాళ్లు ఇక్కడి టైము చెబుతారు. అందుకని, ఈ ఇంట్లో కాగితం మీద పడే ప్రతి టైమూ మన టైమే అయి ఉండాలన్నాడు. విన్నది బుర్రలో మార్చుకుని, అప్పుడు రాసి, కింద ఒక గీత గీయాలి. గీత ఉందంటే మార్చినట్టు. గీత ఉన్న కాగితాన్ని ఎవరూ మళ్లీ ప్రశ్నించనక్కర్లేదు. పిన్ని డ్యూటీలు, బాబాయ్ విమానాలు, ఊరి నుంచి వచ్చే చావు కబుర్లు అన్నీ ఆ గీత మీదే నడిచాయి.

గెన్నాదీ గారి కంపెనీ పేరు ఇక్కడ రాయను. దాన్ని మేమంతా వోల్గావాళ్లు అనేవాళ్లం. వోల్గా నది ఒడ్డున ఒక మాదిరి పట్టణానికి చెందిన చిన్న విమాన సంస్థ అది. దహ్రాన్‌లో దాని ప్రతినిధి ఆయనే. గుమాస్తా, మేనేజరు, బంట్రోతు కూడా ఆయనే. పొడుగ్గా, కొంచెం వంగి నడిచేవారు. ఎవర్ని పిలిచినా గారు చేర్చి పిలిచే మా బాబాయ్ పుణ్యమా అని ఆయన మా అందరికీ గెన్నాదీ గారయ్యారు. పిన్ని నర్సు కాబట్టి ఆవిడను ఆయన సిస్టర్ అనేవారు. ఆవిడ ఆయన్ని అన్నయ్యగారు అనేది. ఆ కంపెనీ అద్దె కట్టలేక ఆయన గది ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, మా రెండు గదుల్లో ఒకటి ఆయనకిచ్చి నన్ను వసారాలోకి మార్చడానికి పిన్ని ఎక్కువ ఆలోచించలేదు.

ఆయనకూ పిన్నికీ స్నేహం కుదిరింది ఎండుచేపల దగ్గర. వోల్గా ఒడ్డున కూడా చేపల్ని ఉప్పులో వేసి, దారానికి గుచ్చి ఎండబెడతారట. పిన్ని నర్సాపురం నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పిన రోజున ఆయన గదిలోంచి లేచి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడి వాసన చూశారు. వారం తిరిగేసరికి మా వసారాలో బట్టల తీగ మీద ఖతీఫ్ చేపలు వరసగా వేలాడుతున్నాయి. వాటి కింద నా మంచం. కింది అంతస్తు వాళ్లు రెండుసార్లు వచ్చి గొడవపడ్డారు. రెండోసారి ఆయన వాళ్లకే రెండు చేపలు ఇచ్చి పంపారు.

ఆ చలికాలమంతా సాయంత్రాలు ఆ వసారాలో నల్లటి టీ తాగుతూ ఆయన తన కంపెనీ కథ చెప్పేవారు. మొదట అది కంపెనీయే కాదు. దేశం మొత్తానికీ ఉన్న ఒకే ఒక్క విమాన సంస్థలో ఒక చిన్న దళం. జోడు రెక్కల చిన్న విమానాలు. పొలాల మీద మందు చల్లడం, మంచు కరిగి నది పొంగి రోడ్లు మునిగినప్పుడు పల్లెలకు డాక్టర్నీ, టపా సంచుల్నీ, ఒక్కోసారి సినిమా రీళ్లనీ చేరవేయడం వాటి పని. ఆయన అందులో నావిగేటరుగా చేరారు. తర్వాత దేశమే లేకుండా పోయింది. జీతమిచ్చేవాడు లేడు, వద్దనేవాడూ లేడు. పైలట్లు, మెకానిక్కులు, టిక్కెట్లమ్మే ఆడవాళ్లు అందరూ కేంటీన్లో కూర్చుని, ఇక ఇది మనదే అనుకున్నారు. పేరు చేతులెత్తి ఎన్నుకున్నారు. నది మీద పడవలకు వేసే నీలం రంగు తెచ్చి విమానాల మీద రాశారు. పొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగు పడితే ఆ నీలం కింద పాత పేరు కనిపించేదట. సైన్యం వదిలించుకున్న పెద్ద సరుకు విమానాలు ఐదు సంపాదించారు. మా తీరంలో చమురు బావులకు కావలసిన ఇనుప సామాన్లు తెచ్చి దించేవారు. తిరుగు ప్రయాణంలో హుఫూఫ్ ఖర్జూరాలు, తివాచీలు, టీవీలు ఎక్కించుకు పోయేవారు. "మా ఊళ్లో పిల్లలు ఖర్జూరం రుచి చూసింది మా వల్లే" అనేవారు, అది పెద్ద ఘనకార్యమైనట్టు. తర్వాత ఇంజన్ల ఆయుష్షు అయిపోవడం మొదలైంది. ఒక విమానాన్ని పక్కన పెట్టి దాని భాగాలతో మిగతా వాటిని ఎగిరించేవారు. ఐదు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి.

వాళ్ల దేశంలో విమానాల వేళలన్నీ మాస్కో గడియారం ప్రకారమేనని చెప్పింది కూడా ఆయనే. వాళ్ల ఊరి విమానాశ్రయంలో లోపల గోడ మీద మాస్కో టైము ఉంటుంది, తలుపు దాటి బయటికొస్తే ఊరి టైము ఉంటుంది, రెంటికీ గంట తేడా. ఇక మాస్కోకూ మాకూ చలికాలంలో తేడా లేదు. ఎండాకాలానికి వాళ్లు గడియారాలు గంట ముందుకు తిప్పుకుంటారు, మార్చి ఆఖరి ఆదివారం తెల్లవారుజామున. అప్పటి నుంచి వాళ్ల పదకొండు మనకు పది. ఇదంతా నేను విన్నాను. కానీ నేను వచ్చింది నవంబరులో. ఆ తర్వాత వోల్గావాళ్ల నుంచి వచ్చిన ఫోన్లన్నిటిలో వాళ్ల పదకొండు మన పదకొండుగానే ఉంది. మార్చడానికి ఏమీ లేనిచోట మార్చి గీత గీయమనడం బాబాయ్ చాదస్తంలో ఒక భాగమని నా లోపలి అభిప్రాయం.

ఫిబ్రవరికల్లా కంపెనీ పని అయిపోయిందని అందరికీ అర్థమైంది. దాని ఇక్కడి ఏజెంటు, గెన్నాదీ గారి కఫీలూ ఒకరే, దమ్మామ్‌లో ఉండే అబూ సాలెహ్. కఫీల్ అంటే ఇక్కడ మన వీసాకు పూచీ ఉండే యజమాని, అతని అనుమతి లేనిదే దేశం దాటలేం. బకాయిలు తేలేదాకా ఆఫీసు గదికి తాళమేశాడు, ఫోను తీసేయించాడు. అప్పటి నుంచి వోల్గావాళ్ల ఫోన్లన్నీ మా ఇంటికే రావడం మొదలైంది. గెన్నాదీ గారికి సెలవు లేదని కూడా చెప్పాడు. అయితే కొత్త సంవత్సరానికి ఊరెళ్దామని ఎప్పుడో కొట్టించుకున్న ఎగ్జిట్ రీఎంట్రీ వీసా ఆయన పాస్‌పోర్టులో ఉంది, వాడుకోలేదు. విమానాశ్రయం పాసు కొత్తది చేయించడానికి అబూ సాలెహ్ నుంచి తీసుకున్న ఆ పాస్‌పోర్టు కూడా తిరిగివ్వకుండా గెన్నాదీ గారి దగ్గరే ఉండిపోయింది. ఆ వీసా గడువు మార్చి ఆఖరి ఆదివారంతో తీరిపోతుంది. కంపెనీ కూడా తన చివరి విమానాన్ని ఆ రోజే ఇక్కడి నుంచి తీసుకుపోదలచింది. విమానంలో ఆయనకు చోటుంటుందని కెప్టెన్ మాటిచ్చాడు. తొందరగా వచ్చి అక్కడ కూర్చుంటే ఎవరో ఒకరు అబూ సాలెహ్ చెవిన వేస్తారు కాబట్టి, బయలుదేరడానికి ముప్పావుగంట ముందు నేరుగా విమానం దగ్గరికే రమ్మన్నాడు. అదే భయంతో విమానాశ్రయానికి ఫోను చేసి వేళ కనుక్కోవడం కూడా వద్దనుకున్నాం. ఇక మిగిలింది వోల్గా నుంచి వచ్చే ఒక్క ఫోనే.

అది శనివారం సాయంత్రం వచ్చింది. పిన్ని డ్యూటీలో ఉంది. బాబాయ్, గెన్నాదీ గారు దమ్మామ్ వెళ్లారు, ఆయన కూతురికి బడిసంచి కొనడానికి. ఇంట్లో నేనొక్కణ్నే టీవీలో క్రికెట్ చూస్తున్నాను. ఫోనులో నీనా, విమానాల వేళలు చూసే వాళ్ల డిస్పాచరు. ఆమెను మాలో ఎవరూ చూడలేదు గానీ గొంతు అందరికీ తెలుసు. లైను బాగుండదని ప్రతి మాటా రెండుసార్లు చెప్పేది. ఆదివారం, ఆదివారం. పదకొండు, పదకొండు. సున్నా సున్నా, సున్నా సున్నా. మాస్కో, మాస్కో. సరే సరే అని నేనూ రెండుసార్లు అన్నాను. 11.00 అని రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ కింద గీత గీసింది. మళ్లీ వెళ్లి క్రికెట్ ముందు కూర్చున్నాను. దమ్మామ్ నుంచి వచ్చిన ఇద్దరూ ఆ కాగితం చూశారు. గెన్నాదీ గారు జీవితమంతా మాస్కో టైముతో బతికిన నావిగేటరు. కింద గీత ఉంది కాబట్టి ఆయన కూడా ఇంకేమీ లెక్క వేయలేదు.

విమానం పోయాక, బహ్రెయిన్ వంతెన దాటిద్దామా అని బాబాయ్ అన్నాడు. ఆ దేశం వీసా ఆయనకు లేదు. ఆ సాయంత్రం దహ్రాన్ నుంచి లేచే విమానాల్లో ఏదీ, వీసా లేకుండా ఆయన్ని దిగనిచ్చే చోటికి పోదు. అర్ధరాత్రితో వీసా గడువు తీరింది. మర్నాడు అబూ సాలెహ్ మా ఇంటికే వచ్చాడు. కోపంగా ఏమీ లేడు. పిన్ని ఇచ్చిన కాఫీ తాగి, నిదానంగా మాట్లాడాడు. ఆ అరబ్బీని బాబాయ్ ఒక్కో ముక్కా ఇంగ్లీషు చేసి చెప్పాడు. "మీ కంపెనీ ఎగిరిపోయింది. దాని అడ్రసు నాకు తెలీదు. ఇక నాకు తెలిసిన అడ్రసు నువ్వే." పాస్‌పోర్టు తీసుకుని, రసీదు రాసిచ్చి వెళ్లాడు.

ప్రతినిధి ఎందుకు విమానం ఎక్కలేదో వాళ్ల పద్ధతి ప్రకారం కంపెనీకి రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలట. ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర గెన్నాదీ గారు తెల్లకాగితం పెట్టుకుని కూర్చున్నారు. పిన్ని అన్నం పెడుతోంది. బాబాయ్ ఎదురుగా ఉన్నాడు. గెన్నాదీ గారు కలం ఆపి నన్ను అడిగారు.

"చంటీ, నీనా మాస్కో అందా, దహ్రాన్ అందా? బాగా గుర్తు తెచ్చుకో."

"దహ్రాన్ అనే అంది" అన్నాను.

ఆయన తలూపి రాసుకున్నారు. మార్చే రాశానని ముందురోజు నేనన్న మాటకు ఇది పొసగదని ఎవరూ గమనించలేదు. "పాపం, కంపెనీ మునిగిపోయే కంగారులో నోటికొచ్చింది అనేసి ఉంటది ఆ పిల్ల" అన్నాడు బాబాయ్. పిన్ని నాకు ఇంకో గరిటెడు పులుసు పోసింది. రాసిన కాగితాన్ని ఫాక్స్ చేసిరమ్మని గెన్నాదీ గారు నా చేతికే ఇచ్చారు. ఫాక్స్ కొట్టు మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. ఆ పది నిమిషాల్లో చించేసి ఉండవచ్చు, వెనక్కి వచ్చి నిజం చెప్పి ఉండవచ్చు. నేను చేసిందల్లా కొట్టువాడు కాగితాన్ని తిరగేసి పెట్టబోతే, ఇలా కాదు అలా పెట్టమని సరిచేయడం.

ఆయన ఆ తర్వాత పంతొమ్మిది నెలలు మా ఇంట్లో ఉన్నారు. చుట్టుపక్కల ఏసీలు బాగుచేశారు, ఆసుపత్రి క్వార్టర్లలో ఫ్రిజ్‌లు బాగుచేశారు. శుక్రవారం ప్రార్థనలో మాకు ఒక అడుగు వెనక కళ్లు మూసుకుని నిలబడేవారు. ప్రతిరోజూ పొద్దున టీ తాగగానే కంపెనీ రిజిస్టరు తెరిచి, తేదీ వేసి, ఇవాళ రాకపోకలు లేవు అని రష్యన్‌లో ఒక వరస రాసి సంతకం పెట్టేవారు. ఇంకా ఎందుకండీ అని బాబాయ్ ఒకసారి అడిగితే, స్టేషను మూసేయమని నాకు ఉత్తర్వు రాలేదు అన్నారు. మొదట్లో వారానికొకటి వచ్చే భార్య ఉత్తరాలు నెలకొకటయ్యాయి, తర్వాత కూతురి బొమ్మలు మాత్రమే వచ్చేవి. బడిసంచిని ఆయన మంచం తల దగ్గర మేకుకు తగిలించారు. కూతురు రెండో తరగతిలోకి వచ్చింది, అది ఆ మేకుకే ఉంది. నేను వసారాలో పడుకుని, ఆయన గదిలో దగ్గు వినపడినప్పుడల్లా రేపు చెప్పేద్దాం అనుకునేవాణ్ని. పొద్దున లేచేసరికి ఆయన నాకంటే ముందు లేచి, నా టీ కూడా పెట్టి ఉంచేవారు. చెప్పడం ఇంకా కష్టమయ్యేది.

ఆయన్ని విడిపించింది పిన్ని. అబూ సాలెహ్ తల్లికి చక్కెర జబ్బుతో కాలికి పుండు పడింది. పిన్ని డ్యూటీ దిగాక, నాలుగు నెలలు రోజు తప్పకుండా వాళ్లింటికెళ్లి కట్టు కట్టింది. ఏమీ పుచ్చుకోలేదు. పుండు మానిన రోజున ముసలావిడ బంగారు గాజు తీసి ఇవ్వబోతే, "ఇది వద్దు ఉమ్మీ, మీ అబ్బాయి బీరువాలో ఒక పాస్‌పోర్టు ఉంది" అని తనకొచ్చిన అరబ్బీలో చెప్పిందట. ముసలావిడ అక్కడికక్కడే కొడుకుని పిలిపించి, మీ నాన్న బతికుంటే ఇంకొకరి మనిషిని ఇలా కట్టేసుకుని కూర్చునేవాడా అని అడిగిందట. వారంలో ఫైనల్ ఎగ్జిట్ ముద్రతో పాస్‌పోర్టు ఇంటికి వచ్చింది. ఇదంతా చెబుతూ పిన్ని నవ్వింది, మేమూ నవ్వాం. నాకు మాత్రం, నేను ఒక్క మాటతో కట్టిన ముడిని ఆవిడ నాలుగు నెలలు ఒకరి కాలి దగ్గర కూర్చుని విప్పినట్టు అనిపించింది.

అప్పటికి దహ్రాన్ పాత విమానాశ్రయం మామూలు ప్రయాణికులకు మూతపడి, ఎడారిలో కొత్తది మొదలైంది. బాబాయ్ ఆయన పెట్టె ఎత్తి ఇరవై ఎనిమిది అన్నాడు. పిన్ని పెట్టిన ఎండుచేపల పొట్లాలు రెండు తీయాల్సి వచ్చింది. బడిసంచి ఆయన భుజానికే ఉంది. ట్రాలీ నేను తోశాను. బాబాయ్ వాళ్లు కొంచెం వెనక ఉన్నారు. ఇప్పుడు చెప్పాలి అనుకుని నోరు తెరిచేలోగా ఆయనే మాట్లాడారు.

"అక్కడికెళ్లాక నీనాని చూస్తాను. నాకు తన మీద కోపం లేదని చెబుతాను. ఆ మాట తనకు ఎవరో ఒకరు చెప్పాలి కదా."

నేను ఔనన్నాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి లోపలికెళ్లిపోయారు. రెండు ఉత్తరాలు రాశారు. రెంటికీ పిన్ని చేత జవాబు రాయించాను.

ఇప్పుడు అవన్నీ తలచుకుంటే వింతగా ఉంటుంది. బయటికి వెళ్లే అనుమతులు ఫోనులోనే వస్తున్నాయి. కఫీల్ గుమ్మం ముందు నిలబడే మనుషులు తగ్గారు, పూర్తిగా లేరని మాత్రం అనను. మా వసారా ముందున్న తోటలు పోయి వరసగా మేడలు వచ్చాయి. ఎండుచేపలు తీగ మీద వేలాడేస్తే కింది అంతస్తువాళ్లు గొడవకు రారు, మున్సిపాలిటీకి ఫోటో పంపిస్తారు. రష్యావాళ్లు ఎండాకాలానికి గడియారాలు తిప్పడం మానేశారు. మాస్కోకూ మాకూ ఇప్పుడు ఏ ఋతువులోనూ తేడా లేదు. నేను రాసిన కాగితం ఇవాళ రాసి ఉంటే అది తప్పే కాదు. ఈ సంగతి మొదటిసారి మా డెస్కు మీదికి వార్తగా వచ్చినప్పుడు, రెండు పేరాల వార్త సరిచూడడానికి నాకు గంట పట్టింది. బాబాయ్ పోయి ఎనిమిదేళ్లయింది. నా గీత మీద ఆయన నమ్మకం చివరిదాకా చెక్కు చెదరలేదు.

మొన్న ఎండలు ముదరక ముందు వేరా నుంచి ఒక మెయిల్ వచ్చింది. వేరా గెన్నాదీ గారి కూతురు, ఆ ఊళ్లోనే బడిలో భూగోళం చెబుతుంది. నాన్న కిందటి చలికాలంలో చనిపోయారని రాసింది. ఊరి మ్యూజియంలో ఒక గదిలో ఆ విమాన సంస్థ చరిత్ర పెడుతున్నారట, ఆ పనిలో తనూ ఉంది. ఫోటోలు దొరికాయి, పైలట్ల టోపీలు దొరికాయి, కేంటీన్లో చేతులెత్తి పేరు ఎన్నుకున్న రోజు కాగితం దొరికింది. చివరి సంవత్సరం గురించి మాత్రం ప్రభుత్వ దస్తావేజుల్లో ఒకే ఒక్క కాగితం ఉంది. నాన్న రిజిస్టరులో నా పేరు చూసి, మా పత్రిక ద్వారా నన్ను పట్టుకుంది. దహ్రాన్ స్టేషను గురించి నాకు గుర్తున్నది రాయమంది. ఆ ఒక్క కాగితం ఫోటో కూడా జతచేసింది, కింద ఇంగ్లీషు అనువాదంతో.

అది కంపెనీ జారీ చేసిన ఆఖరి ఉత్తర్వు. విదేశంలో ఉన్న ప్రతినిధికి బయలుదేరే వేళ తప్పుగా తెలియజేసి, ఆయన అక్కడ చిక్కుకుపోవడానికి కారణమైనందుకు డిస్పాచర్ నీనాను ఉద్యోగం నుంచి తొలగించడమైనది. ఆధారం, ప్రతినిధి పంపిన వివరణ. ఆమె ఉద్యోగపు పుస్తకంలో ఈ సంగతి నమోదు చేయవలెను. ఆ నమోదు ఉన్నవాళ్లను అక్కడ మళ్లీ ఏ విమానాశ్రయమూ తీసుకోదని వేరా వివరంగా రాసింది, నాకు తెలియదేమోనని.

ముందు నర్సాపురంలో ఉన్న పిన్నికి ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆవిడకిప్పుడు వినికిడి తగ్గింది, జ్ఞాపకమూ తగ్గింది. ఓపిగ్గా విని, "నీనా ఎవర్రా?" అంది. తర్వాత, "అన్నయ్యగారు చేపలు బాగా ఎండబెట్టేవారు" అంది. ఇక చెప్పడానికి వేరా ఒక్కతే మిగిలింది. గీత దగ్గర్నుంచి ఫాక్స్ దాకా ఏదీ వదలకుండా రాశాను. వార్త రాసినట్టే రాశాను, ఎవరు ఏమన్నారో, ఎవరి గడియారం ప్రకారం అన్నారో. మూడు వారాలు జవాబు లేదు. వచ్చిన జవాబులో నన్ను క్షమించినట్టుగానీ, క్షమించనట్టుగానీ ఏమీ లేదు. పిన్ని పేరు రష్యన్‌లో ఎలా రాయాలని అడిగింది. తండ్రి నీనాను కలవలేకపోయారని రాసింది. ఆయన చేరేసరికే ఆమె ఊరు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మ్యూజియం వాళ్లు తయారుచేసిన ఉద్యోగుల జాబితాలో ఆమె చిరునామా గడి ఖాళీగా ఉంది.

నా ఉత్తరాన్ని వేరా దస్తావేజుల కార్యాలయానికి తీసుకెళ్లిందట. అక్కడి అధికారి చదివి, దీన్ని ఆ ఫైలులో కలపవచ్చు, అంతకు మించి చేయడానికి లేదన్నాడట. తొలగింపు ఉత్తర్వును రద్దు చేయగలిగింది దాన్ని జారీ చేసిన సంస్థ, లేదా దాని వారసులు. ఆ సంస్థ లేదు, దానికి వారసులూ లేరు. ఆ ఉత్తర్వు ఇప్పటికీ అమలులోనే ఉంది.